నీలం బండి కడిగిన ఎండాకాలం

ఏరు ఊళ్లోకి వచ్చి, వంతెన పక్క వీధులన్నీ నడుముల్లోతు నీళ్లలో నిలబడిన వరద ఒకటి వచ్చింది. దాని మరుసటి ఎండాకాలం సంగతి ఇది. నీళ్లు తీశాక ఊరంతా బురద ఎత్తిపోసుకుంది. బురద పోయాక చూసుకుంటే ఏ ఇంట్లోనూ నేల నేలలా లేదు. బండలు వాటికవే పైకి లేచాయి. టైల్సు కింద నీరు చేరి, కాలు వేస్తే డబడబమన్నాయి. మాది నేలలు పరిచే పని. ఊరి కొంప మునిగి మా పొయ్యి వెలిగింది. ఆ ఎండాకాలం నాకూ మా తమ్ముడికీ తల గోక్కునే తీరిక లేదు.

పని మా నాన్న నేర్పాడు. మా మధ్య పంపకం మాత్రం దానికదే కుదిరింది. నేల నాది, నోరు తమ్ముడిది. ఇంటివాళ్లతో మాట్లాడటం, కొలతలు చెప్పటం, ఆలస్యమైతే సర్దిచెప్పటం అన్నీ వాడే. నేను లోపలికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నానంటే పొద్దువాలాక లేవటమే. ఎవరేమడిగినా "ఊఁ" అనేవాణ్ణి. ఊళ్లో నా పేరే ఊఁ మేస్త్రీ. మా ఆవిడ బెల్లంకొట్టిన రాయి అనేది. ఒకసారి మా మరదలు అందుకుని, "ఊరుకో అక్కా, బెల్లంకొట్టిన రాయి చుట్టూ ఈగలైనా చేరతాయి, బావగారి దగ్గర అవీ నిలవవు" అంది. రెండు కాపురాలూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద. అప్పట్లో ఇలాంటి మాటలు నవ్వుకోవటానికే ఉండేవి.

మా సామాను మోసింది తోపుడుబండి. టైల్సు కోసే మిషను, సిమెంటు బస్తాలు, పాలీషు మిషను అన్నీ దాని మీదే. పనులు ముమ్మరమయ్యాక ఒకరోజు అన్నాల దగ్గర తమ్ముడు ఎత్తుకున్నాడు.

"అన్నయ్యా, వ్యాను తీసుకుందాం."

"తోపుడుబండికేం రోగం?"

"రోగం దానికి కాదు, నా నడుముకి."

మరదలు కిసుక్కున నవ్వింది. నాకు నచ్చలేదు.

"ఇది వరద పనిరా. ఏటేటా వరద వస్తుందా?"

"వరద రాకపోతే జనం గాల్లో నడుస్తారా? నేలలుండవా?"

మాటల్లో వాడితో నేను ఏనాడూ గెలవలేదు. గెలవలేనివాడికి ఉక్రోషం ఎక్కువ. కంచం పక్కకు జరిపి లేచాను. "తీసుకో. ఆ మోజు ఎన్నాళ్లుంటుందో నేనూ చూస్తా" అన్నాను. రోజంతా మాట్లాడేవాడు ఏమన్నా గాలికి పోతుంది. ఎప్పుడో ఒక్కమాట అనేవాడి మాట గోడకు కొట్టిన మేకులా అక్కడే ఉంటుంది.

వ్యాను వచ్చింది. నీలం రంగు. తెల్లబట్టలకు పెట్టే నీలిమందు చిక్కగా కలిపితే వచ్చే నీలం. ఆ రంగు తమ్ముడే ఏరుకున్నాడు. సీట్ల మీద కంపెనీవాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు వాడు తియ్యలేదు, కూర్చుంటే చెమటకు వీపుకంటుకునేవి. పొద్దున్నే పాత నూలుచీర ముక్క పట్టుకుని బండి తుడిచేవాడు. "ఆ తలుపుని తుడిచినంతసేపు నా మొహం చూసి ఎన్నాళ్లయిందో" అనేది మరదలు, అంటూనే ఇంకో గుడ్డ తెచ్చి అద్దాలు తుడిచేది. బండి పనికి, చుట్టరికాలకు కాదని వాడొక కట్టుబాటు పెట్టుకున్నాడు. ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్లాలంటే బస్సే.

నేను మాత్రం దగ్గర పనులకు తోపుడుబండే తోసుకెళ్లేవాణ్ణి. ఎండలో, అందరూ చూస్తుండగా. దాన్ని పౌరుషం అనుకున్నాను అప్పుడు.

ఒక శనివారం ఊరి చివర పని. అంతదూరం తోసుకెళ్లే పని కాదు కాబట్టి వ్యానులోనే పోయాం. టైల్సు సందులు నింపగా మిగిలిన సిమెంటు పాలు ఒక బాల్చీలో ఉంటే మూత పెట్టి తాడు నేనే బిగించాను. దారిలో ఎక్కడో గుంటలో బండి ఎగిరింది. మర్నాడు పనికి సెలవు. తమ్ముడూ మరదలూ ఇంకా చీకటుండగానే బస్సెక్కి ఆవిడ తల్లిగారింటికి వెళ్లారు. నేను మొహం కడుక్కుంటూ చూద్దును గదా, బండి పక్కతలుపు సందులోంచి కారిన సిమెంటు పాలు కిందిదాకా చారలు కట్టి, ఎండి, రాయైపోయి ఉన్నాయి.

నా బాల్చీ. నేను కట్టిన ముడి. మోజు ఎన్నాళ్లో చూస్తానన్నవాణ్ణి నేను. వాడొచ్చేలోగా ఆ మరక కనపడకూడదనుకున్నాను. గోటితో గీకితే రాలేదు. తడిగుడ్డకు రాలేదు. ఎండిన సిమెంటుకు మా పనిలో ఒకటే మందు, యాసిడ్. కొత్త నేల వేశాక దాని మీద సిమెంటు పొర ఉండిపోతుంది. బాల్చీడు నీళ్లలో చెంబుడు యాసిడ్ కలిపి, గట్టి బ్రష్షుతో రుద్ది, నీళ్లు పోస్తే నేల కడిగిన ముత్యంలా బయటికొస్తుంది. ఎన్ని నేలలు కడిగానో లెక్కలేదు. అలాగే కలిపాను. అలాగే రుద్దాను. చారల మీద సుయ్‌మని నురగ లేచింది. మరక కరిగి కారిపోయింది.

పోయిన చోట మాత్రం రేకు ఒక తీరుగా, చుట్టూ ఇంకో తీరుగా కనపడింది. అది మాకు తెలిసిన సంగతే. నేల మీద మరక పడ్డ చోటే కడిగితే మరక పోయి మచ్చ మిగులుతుంది. గది మొత్తం కడగాలి, మూలమూలా కడగాలి. అది నాన్న చెప్పిన మొదటి పాఠాల్లో ఒకటి. అందుకని ఆ పక్కంతా కడిగాను. ఒక పక్క కడిగి రెండో పక్క వదిలేస్తే బాగుండదని రెండో పక్కా కడిగాను.

మా ఆవిడ గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏం చేస్తున్నారు?"

"ఊఁ."

"భలే మెరుస్తోందే."

నిజంగానే మెరిసింది. నీళ్లోడుతున్న ఆ నీలం షోరూములో కూడా అంత నీలంగా లేదు. ఆ బండికి నేను చేసిన మొదటి ఊడిగం అది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూశాను. తడి నేల అందాన్ని నమ్మకూడదురా, ఆరాక చూడు అనేవాడు నాన్న. ఎండ పైనుంచి కిందికి ఆరబెట్టుకుంటూ వచ్చింది. ఆరినంత మేరా నీలం పోయి బూడిద తేలింది. బ్రష్షు తిరిగిన గీతలన్నీ గుండ్రంగుండ్రంగా లేచాయి. పిండి ఆరబోసినట్టు రెండు పక్కలా తెల్లతెల్లని మచ్చలు.

"అయ్యో!" అంది మా ఆవిడ.

అప్పుడు నేనూ "అయ్యో" అన్నాను.

వాళ్లు మధ్యాహ్నం దిగారు. తమ్ముడు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలితో రేకు తడిమి, వేలు వాసన చూశాడు.

"యాసిడా?"

"ఊఁ."

"ఎందుకు?"

"సిమెంటు పాలు ఒలికాయి."

"ఒలికింది ఈ పక్క. ఆ పక్కెందుకు కడిగావు?"

దానికి జవాబుంది. చిన్న జవాబే. అది నా గొంతులోకి వచ్చేలోగా మరదలు చేతిలో సంచీ కిందపడేసింది.

"బావగారు నోరు విప్పరు గానీ, విప్పారంటే జరిగి తీరాల్సిందే. మోజు ఎన్నాళ్లో చూస్తానన్నారు. చూశారు."

"ఏంటే ఆ మాటలు? తెలిసి చేస్తారా ఎవరైనా?" అంది మా ఆవిడ.

"తెలియనివాళ్లు రెండు పక్కలా కడుగుతారా అక్కా?"

"లోపలికి నడు" అన్నాడు తమ్ముడు పెళ్లాంతో. తను మాత్రం కదల్లేదు. నా వంక చూస్తూ నిలబడ్డాడు. నేను ఖాళీ బాల్చీ వంక చూశాను. కాసేపయ్యాక వాడూ లోపలికి వెళ్లాడు.

రంగుల మేస్త్రీ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన షెడ్డు ముందు వరదలో నానిన బండ్లన్నీ బారులు తీరి ఉన్నాయి. మా వ్యానును చూసి బీడీ పక్కన పెట్టాడు.

"ఇట్లా చేసింది పగవాడా, పెళ్లామా?"

"ఇద్దరూ కాదు" అన్నాడు తమ్ముడు.

"పై పూత తినేసింది. మైనం పూస్తే పోయేది కాదిది. రెండు పక్కలా గీకి మళ్లీ కొట్టాలి. ఇవన్నీ అయ్యేసరికి వానలొస్తాయి. అప్పుడు తీసుకురా."

వానలు ఎక్కడ, మేమెక్కడ. ఈలోగా రోజూ పనుండనే ఉంది. మా వీధిలో బండికి పేరు కూడా పడింది, బూడిదగుమ్మడికాయ అని. "గుమ్మడికాయ బయల్దేరిందిరోయ్" అని ఎదురింటి మంగలి కత్తెర ఆపి మరీ అరిచేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కూరగాయలమ్మి వీధిలో గుమ్మడికాయలో అని కేకేసినా నాకు ఒళ్లు చల్లబడేది.

సాయంత్రం పని నుంచి రాగానే నేలకు పూసే మైనం తీసుకుని బండి రుద్దేవాణ్ణి. రుద్దినంతసేపు నిగనిగలాడేది. తెల్లారేసరికి దుమ్మంతా అతుక్కుని ముందుకంటే అన్యాయంగా తయారయ్యేది. అయినా రుద్దేవాణ్ణి. ఒకరోజు తమ్ముడొచ్చి నా చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు.

"వదిలెయ్ అన్నయ్యా."

అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఊళ్లోవాళ్లతో వాడు ఎప్పటిలాగే గలగలా మాట్లాడేవాడు. నాతో మాత్రం నా భాషే పట్టాడు. "సిమెంటు కలిపావా?" అంటే "ఊఁ." "భోంచేద్దామా?" అంటే "ఊఁ." ఎదుటివాడి ఊఁ ఎంత బరువుంటుందో నాకు ఆ ఎండాకాలం దాకా తెలియలేదు.

అప్పుడు మేం నర్సమ్మగారింట్లో హాలూ వరండా వేస్తున్నాం. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిన పెద్దావిడ. ఎవరొచ్చినా ముందు నాలుక చూపించమనేది, తర్వాతే మాటలు. ఒకరోజు మాకు టీ తెచ్చి, వాకిట్లో బండి చూసి ఆగిపోయింది.

"ఏమయ్యా, కొత్త బండన్నావు. దీనికి తట్టు పోసిందేంటి?"

నేను లోపల మోకాళ్ల మీద ఉన్నాను. చేతిలో టైలు, కింద పరిచిన సిమెంటు. తమ్ముడి గొంతు వరండాలోంచి వినిపించింది.

"అది నా తెలివి నర్సమ్మగారూ. సిమెంటు ఒలికితే యాసిడ్ పెట్టి కడిగాను."

"నువ్వా?"

"నేనే. మా అన్నయ్య వద్దురా వద్దురా అంటూనే ఉన్నాడు."

"మీ అన్నయ్య అన్నాడా? నోటితోనే?"

"ఊఁ అన్నాడండి. అది వద్దనే ఊఁ. నేను కానిమ్మనే ఊఁ అనుకున్నా."

నర్సమ్మగారు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకుంది. "మీ అన్నదమ్ములిద్దర్నీ ఒకే మంచంలో పడేసి సెలైన్ ఎక్కించాలి" అంది. నేను టైలు దింపాను. వంకరగా కూర్చుంది. మళ్లీ ఎత్తాను.

ఆవిడ లోపలికి వెళ్లాక నేను ఇసుక గుట్ట దగ్గరికి వెళ్లి, "ఎందుకలా చెప్పావు?" అన్నాను.

వాడు సిమెంటు కలపటం ఆపలేదు. "ఏం చెప్పమంటావు? మా అన్నయ్య కడిగాడని చెప్పమంటావా? ఆయనకు పని తెలియదనుకుంటారు. తెలుసుననుకుంటే ఇంకోటి అనుకుంటారు. రెండిట్లో ఏది బాగుంటుంది నీకు?"

ఆ 'ఇంకోటి' అనేటప్పుడు పార గట్టిగా దింపాడు. ఇసుకలో రాయి తగిలిన చప్పుడైంది.

అప్పట్నుంచి వాడికది అలవాటైపోయింది. ఎవరడిగినా అదే కథ, రోజురోజుకీ ఇంకాస్త మసాలా దట్టించి. అందులో వాడొక వెర్రివెంగళప్ప, నేనొక జ్ఞాని. జనం నవ్వేవాళ్లు. నా వైపు చూసి గౌరవంగా తలూపేవాళ్లు. ఆ గౌరవం చొక్కాలో దూరిన గరుకు ఇసుకలా ఒళ్లంతా గీరుకునేది.

మా ఆవిడ ఊరుకోలేదు. ఒక సాయంత్రం బట్టలు తీస్తూ నిలదీసింది.

"ఆ పక్కెందుకు కడిగావని వాడడిగాడు. చెప్పారా?"

"వాడికి తెలియదా? వాడూ నేల పనివాడే గదా."

"తెలిసినా వినాలనుంటుంది మనిషికి."

"ఊఁ."

"ఊఁ అంటే నాకు సరిపోతుంది. నేను పెళ్లాన్ని, నా ఖర్మ. వాడు తమ్ముడు."

ఇదిలా ఉండగా ఇంకో కబురొచ్చింది. ఏటి అవతల ఎత్తుమీద కొత్త ఆసుపత్రి కడుతున్నారు. నేలలన్నీ పాలరాయి. ఏళ్ల తరబడి సాగే పని. ఆ పని చూసే ఇంజనీరు నర్సమ్మగారికి తెలిసినవాడు. ఆయనకు సొంతబండి ఉన్న మేస్త్రీ ఒకడు కావాలి. కింద పనిచేసేవాళ్లు ఆయనకు ఉన్నారు. మేస్త్రీ కుటుంబానికి అక్కడే రెండు గదుల ఇల్లు. నర్సమ్మగారు తమ్ముడి పేరు చెప్పింది. ఆయన మా పని చూడటానికి వస్తానన్నాడు.

మేస్త్రీ ఒక్కడు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మరదలు మాత్రం కూనిరాగాలు తీయటం మొదలుపెట్టింది. వేరు పొయ్యి కావాలని ఏ ఆడదానికుండదు? ఆయన వచ్చే రోజు పొద్దున తమ్ముడు ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు, బండిలోంచి ప్లాస్టిక్ కవర్లు చించిపారేశాడు.

ఇంజనీరు వచ్చాడు. నర్సమ్మగారి హాల్లో వంగి నేల మీద అరచెయ్యి ఆనించి అటూ ఇటూ జరిపాడు. జాయింట్లు చూశాడు. "బాగుంది, చాలా బాగుంది" అన్నాడు. వరండాలోకి వెళ్లి వాకిట్లో బండి చూశాడు.

"ఇదేనా బండి? ఇలా ఉందేంటి?"

తమ్ముడు నోరు తెరిచేలోగా నర్సమ్మగారు నవ్వేసింది. "అదో పెద్ద కథలెండి. సిమెంటు ఒలికితే యాసిడ్‌తో కడిగాడట ఈ మహానుభావుడు. అన్నగారు వద్దంటున్నా వినకుండా."

ఆవిడ మంచికే అంది. నవ్వించటానికి అంది. ఇంజనీరు మాత్రం నవ్వలేదు.

"నిజమేనా?"

తమ్ముడు తల తిప్పి గడపలోంచి లోపలికి, నా వైపు చూశాడు. నేను తడిగుడ్డతో ఒక జాయింటు తుడుస్తున్నాను. అప్పటికే తుడిచిన జాయింటు అది. బండి కడిగింది నేనండీ. మూడే ముక్కలు. అవి నా నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిని ఆపింది సిగ్గు అనుకున్నాను ఆ క్షణాన. సిగ్గు కాదు. ఆ మూడు ముక్కలూ బయటపడితే వీడు ఏటి అవతలికి వెళ్లిపోతాడు. అదీ సంగతి. గుడ్డ పిండి, మళ్లీ అదే జాయింటు తుడిచాను.

"నిజమేనండి" అన్నాడు తమ్ముడు.

"నావన్నీ పాలరాయి నేలలు. పాలరాయి మీద యాసిడ్ చుక్క పడితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసండి. తినేస్తుంది."

"రంగురేకు మీద పడితే ఏమవుతుందో తెలియనివాడికి అది తెలుసంటే నేనెలా నమ్మను?"

ఆయన మర్యాదగానే అన్నాడు. మర్యాదగానే వెళ్లిపోయాడు. నర్సమ్మగారు మొహం చిన్నబుచ్చుకుని టీ గ్లాసులు ఏరుకుంది. తమ్ముడు లోపలికి వచ్చి నా పక్కన కూర్చుని తాపీ తీసుకున్నాడు. పొద్దువాలేదాకా పక్కపక్కనే పనిచేశాం. వాడి మోకాలు రెండుమూడుసార్లు నా మోకాలికి తగిలింది. తగిలినప్పుడల్లా వాడు జరిగాడు.

ఇంట్లో మరదలు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏమన్నాడాయన?"

"వాళ్లకు వేరే మేస్త్రీ దొరికాడట" అన్నాడు తమ్ముడు కాళ్లు కడుక్కుంటూ.

"అదేంటి? పని బాగాలేదన్నాడా?"

"పని బాగుందనే అన్నాడు. మన అదృష్టం అంతే."

మరదలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ రోజు కూడా మొదటి కంచం నాకే పెట్టింది. "ఇంకాస్త వడ్డించనా బావగారూ?" అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఏం జరిగిందో ఆవిడకు చెబితే ఇల్లు లేచిపోయేదని తమ్ముడికి తెలుసు. ఊరికి అబద్ధం చెప్పాడు, నాకోసం. పెళ్లానికీ చెప్పాడు, నాకోసమే. వాణ్ణి చంపుకుని తింటున్నానేమో అనిపించింది నాకు. ఆ ముద్దను మంచినీళ్లతో దింపుకున్నాను.

మర్నాడు తెల్లవారుతూనే లేచి, ఎవరికీ చెప్పకుండా, వరదకు కొట్టుకుపోయిన చోట చెక్కలు పరిచిన వంతెన మీదుగా ఏరు దాటాను. ఆసుపత్రి కట్టే చోట ఇంజనీరు కాంక్రీటు దిమ్మ మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఎవరు నువ్వు?"

"నేలల మేస్త్రీనండి. నిన్న నర్సమ్మగారింట్లో..."

"ఆఁ, లోపల తుడుస్తున్నాయన."

"బండి కడిగింది నేను."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మీ తమ్ముడు తనేనన్నాడే."

"నా పరువు పోతుందని అన్నాడు. వాడికి యాసిడ్ పొగ పడదండి. దగ్గి దగ్గి పడిపోతాడు. చిన్నప్పట్నుంచీ ఆ డబ్బా వాడి చేతికి ఇవ్వలేదు నేను. మేం పనిచేసిన ఏ ఇంట్లోనైనా అడగండి."

"నిన్న అక్కడే ఉన్నావుగా. అప్పుడే చెప్పొచ్చుగా?"

దానికి నా దగ్గర ఊఁ కూడా లేదు. తల దించుకున్నాను. ఆయన మిగిలిన టీ పారబోశాడు.

"సరే, రమ్మను. నిన్ను మాత్రం నా నేలల దగ్గరికి రానివ్వను. ఏమీ అనుకోకు."

"వద్దండి" అన్నాను. "వాడు చాలు."

తిరిగొచ్చేసరికి తమ్ముడు బండిలో బస్తాలు సర్దుతున్నాడు.

"పొద్దున్నే ఎక్కడికెళ్లావు?"

"ఏటి అవతలికి. నిన్ను రమ్మన్నారు."

వాడి చేతిలో బస్తా చెవి అలాగే ఉండిపోయింది. "ఏం చెప్పావు?"

"కడిగింది నేనని."

వాడు బండి అంచు మీద చతికిలబడ్డాడు.  తర్వాత, ఆ మధ్యాహ్నం అడిగిన మాటే మళ్లీ అడిగాడు. ఈసారి మెల్లగా.

"ఆ పక్కెందుకు కడిగావన్నయ్యా?"

"ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా ఉంటే బాగుండదని. గదైతే మొత్తం కడుగుతాం గదా. అలాగే అనుకున్నాను."

"అంతేనా?"

అంతే అని ఊరుకోవచ్చు. ఊరుకుంటే వాడు నమ్మేవాడు.

"కావాలని చెయ్యలేదురా. కానీ రంగు పోతుంటే చూసి, అయ్యో అనటానికి నాకు కాస్త ఆలస్యమైంది."

"ఎంత ఆలస్యం?"

"మీ వదిన అనేదాకా."

వాడు తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు, నేను దగ్గరికి వెళ్లి చూడలేదు. తల ఎత్తాక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ ముక్క ఆ రోజే చెప్పుంటే నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేవాణ్ణి గదయ్యా!"

"ఊఁ."

"మళ్లీ ఊఁ!"

నేను బండెక్కి నా సామాను దించటం మొదలుపెట్టాను. నా తాపీ, నా దారపు ఉండ, రబ్బరు సుత్తి, మూలమట్టం, యాసిడ్ డబ్బా. మరదలు గుమ్మంలోకి వచ్చి చూసి, "అక్కా, ఒకసారి ఇటు రా" అని లోపలున్న మా ఆవిడను పిలిచింది. నేల వాలు చూసుకునే రసమట్టం మా ఇద్దరికీ కలిపి ఒక్కటే ఉండేది. అది చేతిలోకి తీసుకుని, మళ్లీ బండిలోనే పెట్టాను. వాడు చూశాడు. వద్దనలేదు.

దించినవన్నీ తోపుడుబండి మీద పేర్చుకున్నాను. నర్సమ్మగారి వరండా ఇంకా సగం మిగిలే ఉంది. ఆవిడ తలుపు తీసి నా వెనక వీధిలోకి చూసింది.

"ఒక్కడివే వచ్చావేంటయ్యా? తమ్ముడేడీ?"

చెప్పాను. మోజు ఎన్నాళ్లో చూస్తానన్న దగ్గర్నుంచి, ఒక్కటీ దాచకుండా, గడపలో నిలబడే చెప్పాను. ఆవిడ ఇచ్చిన టీ నా చేతిలోనే చల్లారిపోయింది.